సంక్రాంతి పళ్ళెంలో ఎవరెవరున్నారు?

నెల పట్టేశారా అందరూ? ధనుర్మాసం వచ్చిందంటే మన ఆడవాళ్ళకి పండగ మొదలైనట్టే. మిగతావాళ్ళకి పండగ మూడు రోజులైతే మనకి నెల రోజులు. బియ్యం ఎప్పుడు నానబోయాలి, బెల్లం ఎక్కడ తెప్పించాలి, నువ్వులు చెరిగామా లేదా, ఊరెళ్ళే రైలుకి టికెట్లు దొరుకుతాయా లేదా... ఎవరితో మాట్లాడినా ఇవే కబుర్లు.

సంక్రాంతి అంటే మేలు చేసినవాళ్ళని తలుచుకునే పండగ అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. వెలుగిచ్చే సూర్యుడికి దణ్ణం పెడతాం. పోయిన పెద్దలకి బట్టలు పెట్టి తర్పణాలు వదులుతాం. కనుమ నాడు పశువుల కొమ్ములకి పసుపు, కుంకుమ పెట్టి పూజ చేస్తాం. మన పెద్దవాళ్ళు ఎవరినీ మర్చిపోలేదు అనిపిస్తుంది. కానీ ఈ ఏడు పండగ పళ్ళెంలో ఉండేవన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ, ఇది మన ఇంటికి ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు అని ఆలోచిస్తే, దణ్ణం పెట్టాల్సినవాళ్ళు ఇంకా చాలామంది మిగిలిపోయారు. తెలుగు బి.ఏ. చదివిన పుణ్యమా అని ఇంట్లో నాలుగు పాత పుస్తకాలున్నాయి. అవీ, చదువుకున్నవీ కలిపి నాకు తెలిసిన లెక్క ఇక్కడ రాస్తున్నాను.

ముందు తేదీ సంగతి. మన పండగలన్నీ చంద్రుడి తిథుల మీద నడుస్తాయి కాబట్టి ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. సంక్రాంతి మాత్రం సూర్యుడు మకరరాశిలోకి వెళ్ళే రోజు కాబట్టి జనవరి 14నో 15నో వచ్చేస్తుంది. అయితే ఇది కూడా కదలకుండా ఏమీ లేదు. భూమి అక్షం మెల్లగా దిశ మారుతూ ఉండటం వల్ల సుమారు 70 ఏళ్ళకి ఒక రోజు చొప్పున ముందుకి జరుగుతూ వస్తోంది. వివేకానందుడు 1863 జనవరి 12న పుట్టాడు కదా, ఆ రోజు మకర సంక్రాంతే. అంటే మన ముత్తాతల తాతలు జనవరి 12న పండగ చేసుకున్నారన్నమాట. ఇలా వెనక్కి లెక్కేసుకుంటూ పోతే, సుమారు 1700 ఏళ్ళ కింద ఈ సంక్రమణం, పగలు పెరగడం మొదలయ్యే డిసెంబరు రోజు ఒకటిగా ఉండేవి. అందుకే దీన్ని ఉత్తరాయణ పుణ్యకాలం అన్నారు. రోజు జరిగిపోయినా పేరు నిలిచింది.

ఇక కొత్త బియ్యం. మాది గోదావరి పక్క. అక్కడ పుట్టినవాళ్ళకి వరి చేను ఎప్పటి నుంచో అలాగే ఉన్నట్టు, కాలవ దేవుడు తవ్వినట్టు అనిపిస్తుంది. నిజం అది కాదు. 1832-33లో గుంటూరు ప్రాంతంలో వచ్చిన కరువుని జనం డొక్కల కరువు అన్నారు. మనుషుల డొక్కలు ఎండిపోయాయని ఆ పేరు. గోదావరి పక్కన ఉండి కూడా మా వైపు ఊళ్ళు బాగున్నది లేదు. నది నిండా నీళ్ళు సముద్రంలోకి పోతుంటే చేలు ఎండిపోయేవి. దానికి తోడు 1839లో కోరంగి దగ్గర పెద్ద తుపాను. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేల మంది ఉంటే, 1841కి 5 లక్షల 61 వేలకి పడిపోయారు. ఇరవై ఏళ్ళలో నాలుగో వంతు మనుషులు తగ్గిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్ళు వదిలి పోయారు. ఆ ఏళ్ళలో సంక్రాంతికి ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగిందో ఊహించుకోండి.

ఆ తరవాతే ధవళేశ్వరం ఆనకట్ట వచ్చింది. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. ఆర్థర్ కాటన్ పేరు మనందరికీ తెలుసు. మా వైపు ఊరూరా ఆయన విగ్రహం ఉంటుంది. గుర్రం మీద కూర్చున్న దొరకి మే 15న, ఆయన పుట్టినరోజున రైతులు దండలు వేస్తారు. పరాయి దేశం వాడు, పైగా మనల్ని ఏలిన కంపెనీ ఉద్యోగి. అయినా అన్నం పెట్టినవాడు అని జనం మర్చిపోలేదు. ఆయన పక్కనే నిలబడి పని నడిపించిన వీణెం వీరన్నగారి పేరు మాత్రం ఎంతమందికి తెలుసు? ఇక రాళ్ళు మోసిన వేల మంది కూలీల పేర్లు ఎక్కడా లేవు. కొత్త బియ్యం చేట్లో పోసుకున్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది వాళ్ళే.

గొబ్బెమ్మల దగ్గరికి వద్దాం. పేడ ముద్ద మీద పసుపు, కుంకుమ, పైన గుమ్మడి పువ్వు, చుట్టూ బంతిపూల రెక్కలు. ఇంతకంటే అచ్చ తెలుగు బొమ్మ ఇంకోటి ఉందా అనిపిస్తుంది కదూ? ఆ బంతి మన దేశం పువ్వు కాదండీ. మెక్సికో పువ్వు. అక్కడివాళ్ళు ఇప్పటికీ పోయిన పెద్దల పండగకి గుమ్మాల ముందు, సమాధుల మీద బంతిపూలు పరుస్తారు. మనం కూడా పెద్దల పండగకి అదే పువ్వు వాడుతున్నాం. రెండు దేశాల ఆడవాళ్ళకీ మధ్యలో ఎవరూ చెప్పలేదు, అయినా ఇద్దరం ఆ పువ్వునే పట్టుకున్నాం.

గుమ్మడిదీ అదే కథ. గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడి మన ఆసియా ఖండానిదే. కానీ సంక్రాంతికి ముక్కలు కోసి, బెల్లం వేసి పులుసు పెట్టుకునే తీపి గుమ్మడి అమెరికా ఖండాల పంట. చిలగడదుంపా అక్కడిదే, వేరుశనగా అక్కడిదే, మిరపకాయా అక్కడిదే. వాస్కోడిగామా 1498లో కాలికట్‌లో దిగాడు, 1510లో పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నారు. ఆ తరవాత వాళ్ళ ఓడల్లో ఈ విత్తనాలు మెల్లగా మన తోటల్లోకి వచ్చాయి. అంతకు ముందు మన వంటల్లో కారం అంటే మిరియాలే. ఇవాళ గుంటూరు మిర్చి లేకుండా తెలుగువాళ్ళ భోజనాన్ని ఊహించలేం. ఊరి పేరు చెబితేనే నోరు మండుతుంది. ఐదు వందల ఏళ్ళ కింద ఆ ఊరివాళ్ళకి ఆ కాయే తెలీదు.

మరి అచ్చంగా మనవి ఏవి? భోగిపళ్ళలో పోసే రేగిపళ్ళు మనవే. నువ్వులు మనవే. హరప్పా తవ్వకాల్లోనే నువ్వులు దొరికాయి. అంటే నాలుగు వేల ఏళ్ళకి పైబడిన సంగతి. మినుములు మనవి, కందులు మనవి, వంకాయ మనది. సంక్రాంతికి కలగూర వండేటప్పుడు ఒకే గిన్నెలో వంకాయ, చిక్కుడు, గుమ్మడి, చిలగడదుంప కలిసి ఉడుకుతుంటాయి. పుట్టింటివీ, కోడళ్ళుగా వచ్చినవీ అన్నీ ఒకే పొయ్యి మీద. కొన్నాళ్ళకి కోడలే ఇంటిది అయిపోతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. మనకి తెలియని కథా ఇది!

అసలు సంగతి అరిసెలు. ఇవి చాలా పాత వంట. తిరుమల గోడల మీద విజయనగర రాజుల కాలం నాటి శాసనాల్లో, స్వామికి నైవేద్యం పెట్టే పిండివంటల్లో అతిరసం పేరుంది. అది మన అరిసెకి అన్నగారే. ఒక్కొక్క వంటకీ ఎంత బియ్యం, ఎంత నెయ్యి, ఎంత బెల్లం ఇవ్వాలో రాళ్ళ మీద చెక్కించారు. ఎవరు ఇచ్చారో వాళ్ళ పేర్లూ చెక్కించారు.

మా అత్తయ్యగారికి ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో అరిసెలంటే బియ్యం నానబోసి, వార్చి, తడి ఆరకముందే రోట్లో పోసి ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళతో దంచేవారట. ఒకరి పోటు పడి లేచేలోపు ఇంకొకరి పోటు పడాలి. లయ తప్పితే రోకళ్ళు కొట్టుకుంటాయి. అందుకే దంపుళ్ళ పాటలు పుట్టాయి. పాట ఆడవాళ్ళకి కాలక్షేపం కాదు, చెయ్యి తప్పకుండా ఉండటానికి, నొప్పి తెలియకుండా ఉండటానికి. 1950ల్లో బిరుదురాజు రామరాజుగారు ఊళ్ళు తిరిగి జానపద గేయాల మీద పెద్ద పుస్తకం రాశారు. ఆయన్ని మేం క్లాసులో పరీక్ష కోసం చదువుకున్నాం. అత్తయ్యగారు పిండి జల్లిస్తూ సన్నగా పాడుకుంటే విన్నాక అర్థమైంది, అది సాహిత్యం కంటే ముందు పనిముట్టు అని.

పాకం పట్టడం కూడా అంతే. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక చుక్క వేస్తే అది కరగకుండా ఉండ కట్టాలి. ముందు దించితే అరిసె నూనెలో విరిగిపోతుంది, ఆలస్యం చేస్తే రాయి అవుతుంది. గడియారం పెట్టి చెప్పలేం. బెల్లం కొత్తదా పాతదా, పిండిలో తడి ఎంత, చలి ఎంత ఉంది అన్నీ చూసుకోవాలి. అత్తయ్యగారు ఏళ్ళ తరబడి అది చేతి వేళ్ళతోనే తెలుసుకున్నారు. ఈ ఏడు మార్గశిరంలో "ఇంక అరిసెలు నా వల్ల కాదమ్మా, మణికట్టు పట్టేస్తోంది" అన్నారు. మా అబ్బాయి "ఏం పర్లేదు నానమ్మా, కొనేద్దాం" అన్నాడు. వాడు ప్రేమగానే అన్నాడు. ఆవిడ కూడా నవ్వి ఊరుకున్నారు. కానీ ఆ రాత్రి అరిసెల చెక్కలు కడిగి, తుడిచి, బట్టలో చుట్టి నా చేతికిచ్చారు. ఏమీ మాట్లాడలేదు.

తిరుమల గోడల మీద నైవేద్యం పెట్టించినవాళ్ళ పేర్లు ఉన్నాయి అన్నాను కదా. ఈవిడ చేసిన అరిసెలకి ఏ గోడ ఉంది? యాభై సంక్రాంతులు. ఏటా వందల అరిసెలు. తినేవాళ్ళు "ఈసారి బెల్లం కాస్త ఎక్కువైంది" అనో, "కిందటేడు ఇంకా మెత్తగా కుదిరాయి" అనో అన్నారు తప్ప, "అమ్మా, నీ చేతులు నొప్పెట్టాయా?" అని అడిగినట్టు నాకు గుర్తులేదు.

అడిగినవాడు ఒకాయన ఉన్నాడండీ, చరిత్రలో. ఆయన మామూలు మనిషి కాదు, శ్రీకృష్ణదేవరాయలు. 1509 నుంచి 1529 దాకా ఏలిన చక్రవర్తి. ఆయన రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఇంటికొచ్చిన అతిథులకి ఏ కాలంలో ఏం పెట్టేవాడో వరసగా చెబుతాడు. చలికాలంలో కొత్త బియ్యపు అన్నం, మిరియాల పొడి, పొగలు కక్కే కూరలు, ముక్కుకి ఘాటు తగిలే ఆవ పచ్చళ్ళు, పాయసం. చూశారా, మిరపకాయ లేదు, మిరియమే ఉంది. ఇంకా గొప్ప సంగతి వానాకాలం పద్యంలో ఉంది. ముసురు పట్టి కట్టెలు తడిసిపోయే రోజుల్లో, విష్ణుచిత్తుడి భార్య కళ్ళలోకి పొగ పోకుండా కొబ్బరిచిప్పలు రాజేసి వంట చేస్తుందట. రాజ్యాలు గెలిచిన రాజు, వంటింట్లో పొగకి మండే ఒక ఇల్లాలి కళ్ళని చూశాడు! డిగ్రీలో ఈ పద్యానికి ప్రతిపదార్థం బట్టీ పట్టాను. పెళ్ళయి వంటింట్లోకి వచ్చాకే ఆ మాట బరువు తెలిసింది.

ఎందుకంటే ఆ పొగ మా అమ్మ కళ్ళలోనూ చూశాను. పండగ వంటలకి పెరట్లో గాడిపొయ్యి తవ్వేవారు. కొబ్బరి మట్టలు, సరుగుడు కట్టెలు, పిడకలు. మధ్యమధ్యలో గొట్టంతో ఊదడం. సాయంత్రానికి అమ్మ కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా అయిపోయేవి. "ఏం లేదే, పొగ" అనేది. ఆ పొగ ఊపిరితిత్తులకి ఎంత చేటో ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. అప్పుడది పండగ వాసన అనుకున్నాం.

కృష్ణదేవరాయల కాలం నుంచి మా అమ్మ దాకా సుమారు నాలుగున్నర శతాబ్దాలు. రాజులు మారారు, కంపెనీ వచ్చింది, పోయింది, స్వతంత్రం వచ్చింది. పొగ మాత్రం కదల్లేదు. మన దేశంలో ఇండేన్ సిలిండరు 1965లో కలకత్తాలో మొదలైంది. అది ఊళ్ళ దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చి పొదుపు సంఘాల ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో దేశమంతటికీ ఉజ్జ్వల వచ్చింది. ఈ తేదీలు చరిత్ర పుస్తకాల్లో యుద్ధాల పక్కన రాయాల్సినవి అని నా నమ్మకం. గ్యాస్ పొయ్యి మీద వండితే రుచి లేదని, రోటి పచ్చడి రుచి మిక్సీకి రాదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఆ మాట అనేవాళ్ళు ఎప్పుడైనా గొట్టం ఊదారా?

ఇంకో చిన్న సంతోషం చెప్పి ముగిస్తాను. ఆడదానికి పండగంటే పుట్టిల్లు. మా పుట్టిల్లు గోదావరికి అవతల కొవ్వూరు వైపు, అత్తవారిల్లు ఇవతల. మా ముత్తవ్వల కాలంలో ఆ నది దాటాలంటే పడవే. 1900లో రైలు వంతెన వచ్చింది. 1974లో రైలూ బస్సూ రెండూ వెళ్ళే వంతెన, 1997లో కమానుల వంతెన వచ్చాయి. ఒక్కొక్క వంతెనా ఎంతమంది ఆడపిల్లల్ని అమ్మ దగ్గరికి తొందరగా చేర్చిందో! నా పెళ్ళయిన మొదటి సంక్రాంతికి కమానుల వంతెన మీదుగా వెళ్తుంటే రైల్లో అందరూ గోదారమ్మకి చిల్లర వేసి దణ్ణం పెట్టుకున్నారు. నేనూ వేశాను. అందులో సగం దణ్ణం వంతెనకి.

ఇప్పుడు మేం ఉండేది హైదరాబాదు. పక్కింటి అక్కది కరీంనగర్ వైపు. నేల మీద తెల్లబట్ట పరిచి, నువ్వులూ వామూ కలిపిన బియ్యప్పిండిని వేళ్ళతో తిప్పుతూ సకినాలు చుడుతుంటే చూస్తూ కూర్చోవచ్చు. వాళ్ళ వాడలో నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరి ఒకరోజు ఒకరింట్లో, మరోరోజు ఇంకొకరింట్లో చుట్టేవారట. "ఒక్కదానివే ఎట్ల చేస్తవే, పిలువరాదూ?" అంటుంది నాతో. ఆ మాటే నాకు మందులా పనిచేసింది. పని ఒక్కరి మీద పడితే చాకిరీ, నలుగురు పంచుకుంటే పండగ.

అందుకని ఈసారి మా ఇంట్లో ఇలా అనుకున్నాం. ఒక్క కిలో బియ్యానికే అరిసెలు. అత్తయ్యగారు కుర్చీ వేసుకుని కూర్చుని పాకం చూసి "ఊఁ, దించు" అంటారు. అంతే ఆవిడ పని. కలిపేది నేను, నొక్కేది మా అబ్బాయి. వాడికి చెక్కలు ఎలా పట్టుకోవాలో నేర్పించాలి. మిగతావి మా వీధి చివర స్వగృహ దుకాణంలో కొంటాం. అందులో తప్పేమీ లేదు, అక్కడ వెనక వండుతున్నదీ మనలాంటి ఆడవాళ్ళే. వాళ్ళకీ ఒక మాట చెప్పి రావాలి, బాగున్నాయి అని.

ఇక కనుమ. ఆ రోజు కాకి కూడా కదలదంటారు. ఎద్దుకి సెలవు, కాకికి సెలవు, మనం మాత్రం తెల్లారకుండా లేచి గారెలకి మినప్పప్పు రుబ్బాలి! ఎవరు పెట్టారో గానీ ఈ నియమం, వంటింటి వైపు చూసి పెట్టినట్టు లేదు. మా వారితో చెప్పేశాను, ఈ కనుమకి గారెలు ఆయనే వెయ్యాలి అని. చిల్లు సరిగ్గా రాకపోయినా తింటాం, పేర్లు పెట్టం అని మాటిచ్చాం. మీ ఇళ్ళల్లోనూ అడిగి చూడండి.

భోగిమంట దగ్గర వెచ్చగా కూర్చోండి, అమ్మకో అత్తయ్యకో మొదటి అరిసె చేతిలో పెట్టండి. అందరికీ ముందుగా సంక్రాంతి శుభాకాంక్షలు.